రాశి, వాసి, నడత: బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎవరు తగినవారు?

మన ఇళ్ళల్లో సంక్రాంతి సందడి సద్దుమణిగే వేళకి, అమెరికాలో బేస్‌బాల్ అభిమానులకి మరో రకం సందడి మొదలవుతుంది. మైదానాల మీద మంచు ఉంటుంది, ఆట ఉండదు. అయినా ఆఫీసులో కాఫీ మెషిన్ దగ్గర వాదనలు మాత్రం వేడివేడిగా సాగుతుంటాయి. ఈ ఏడు హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎవరు ఎన్నికవుతారు, ఎవరికి అన్యాయం జరుగుతుంది అన్నదే ఆ గొడవంతా.

మనలో చాలామంది ఆ కబుర్లు విని, నవ్వుతూ తలూపి, కప్పు పుచ్చుకుని సీటుకి వెళ్ళిపోతుంటారు. క్రికెట్‌తో పెరిగిన ప్రాణాలు కదా మరి! కానీ సచిన్ గొప్పా, ద్రావిడ్ గొప్పా అని హాస్టల్ గదుల్లో తెల్లవార్లూ తగువులాడుకున్నవాళ్ళకి ఈ చర్చ నిజానికి కొత్తేమీ కాదు. వృత్తిరీత్యా రోజూ డేటాతో కుస్తీ పట్టేవాణ్ణి కాబట్టి, నాకైతే ఆట కన్నా ముందు ఆట చుట్టూ ఉన్న ఈ లెక్కలే నచ్చాయి. కొన్నేళ్ళుగా వీటిని గమనిస్తున్నాక నాకు తోచింది ఒకటుంది. ఈ వాదనలు ఎంతకీ తెగకపోవడానికి కారణం, మనం మూడు వేరు వేరు ప్రశ్నల్ని ఒకే మూటగా కట్టెయ్యడం. ఆటగాడు మొత్తం ఎంత చేశాడు అన్నది రాశి. చేసినన్నాళ్ళు ఎంత గొప్పగా చేశాడు అన్నది వాసి. ఎలా చేశాడు అన్నది నడత. మూట విప్పి మూడింటినీ విడివిడిగా చూస్తే సగం గొడవలు వాటంతటవే సర్దుకుంటాయి. ఆ మిగిలిన సగమే అసలైన గొడవ!

ఓటు ఎవరిది?

ముందుగా పద్ధతి చెప్పుకుందాం. న్యూయార్క్ రాష్ట్రంలో కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో ఈ మ్యూజియం 1939లో తెరిచారు. ఎన్నికలు మాత్రం 1936లోనే మొదలయ్యాయి. తొలి ఏడు ఎన్నికైనవారు ఐదుగురు: టై కాబ్, బేబ్ రూత్, హోనస్ వాగ్నర్, క్రిస్టీ మాథ్యూసన్, వాల్టర్ జాన్సన్. మొత్తం 226 ఓట్లలో కాబ్‌కి 222, రూత్‌కి 215 వచ్చాయి. అంటే బేబ్ రూత్ అంతటివాణ్ణి కూడా కాదన్న మహానుభావులు పదకొండు మంది ఉన్నారన్నమాట! ఒక్క ఓటూ పోకుండా అందరూ ఔనన్న మొదటి ఆటగాడు మరియానో రివేరా. అది 2019లో, అంటే ఎన్నికలు మొదలైన 83 ఏళ్ళకి.

ఓటు వేసేది పత్రికల్లో బేస్‌బాల్ గురించి రాసే విలేఖరులు. వారి సంఘంలో వరసగా పదేళ్ళు సభ్యులై ఉండాలి. ఆటగాడు కనీసం పది సీజన్లు ఆడి ఉండాలి, ఆట మానేసి ఐదేళ్ళు గడవాలి. ఒక్కో ఓటరు పది పేర్లకి మించి రాయకూడదు. 75 శాతం ఓట్లు వస్తే లోపలికి, 5 శాతం కూడా రాకపోతే ఆ ఏడుతోనే జాబితా నించి బయటికి. మధ్యలో ఉన్నవాళ్ళకి పదేళ్ళ గడువు. 2014 దాకా ఇది పదిహేనేళ్ళుండేది. ఇక్కడ తప్పినవాళ్ళకి వెనక గుమ్మం ఒకటుంది. పాత ఆటగాళ్ళు, జట్ల అధికారులు, చరిత్రకారులు కలిసిన 16 మంది కమిటీ అది. అందులో 12 మంది ఒప్పుకుంటే చాలు.

మైలురాళ్ళ మోజు

మనకి సెంచరీ అంటే ఎంత మోజో తెలిసిందే. 99 దగ్గర అవుటైతే గుండె చెరువవుతుంది, 101 కొడితే టపాకాయలు కాలుస్తాం. తేడా రెండు పరుగులు! బేస్‌బాల్‌లోనూ ఇలాంటి గుండు అంకెలున్నాయి. బ్యాటర్‌కి 3000 హిట్లు లేదా 500 హోమ్ రన్లు, బంతి విసిరే పిచర్‌కి 300 విజయాలు. ఇవి దాటితే తలుపు తెరుచుకున్నట్టే అని చాలాకాలం అనుకునేవారు.

ఈ మోజుకి బలైనవాడు బర్ట్ బ్లైలెవెన్. 287 విజయాల దగ్గర ఆగిపోయాడు, పదమూడు తక్కువ. 1998లో మొదటిసారి ఓటింగుకి వచ్చినప్పుడు 17.5 శాతం, మరుసటి ఏడు 14.1 శాతం ఓట్లు వచ్చాయి. మరి ఆయన ఖాతాలో 3701 స్ట్రైకౌట్లున్నాయి. ప్రత్యర్థికి ఒక్క పరుగు కూడా ఇవ్వకుండా ఆసాంతం తానే బంతి వేసి ముగించిన ఆటలు 60 ఉన్నాయి. అవన్నీ ఆ పదమూడు ముందు తేలిపోయాయి.

అసలు పిచర్ ఖాతాలో 'విజయం' ఎలా పడుతుంది? ఆయన బంతులు ఎంత బాగా వేసినా, తన జట్టు బ్యాటర్లు పరుగులు చెయ్యకపోతే పడదు. బలహీనమైన జట్టులో ఉన్నవాడికి ఇది శాపం. మీ కోడ్ అంతా సరిగ్గా పనిచేసినా, పక్క టీము గడువు తప్పితే మీ ఖాతాలో ఫెయిల్ వేసినట్టు! ఈ సంగతిని లెక్కలు వేసేవాళ్ళు ఏళ్ళ తరబడి చెప్పగా చెప్పగా, 2011లో, పద్నాలుగో ప్రయత్నంలో 79.7 శాతంతో బ్లైలెవెన్ గట్టెక్కాడు. ఆయన అప్పటికి ఆట మానేసి 19 ఏళ్ళయింది. ఒక్క బంతి కొత్తగా వెయ్యలేదు. మారింది ఆయన కాదు, చూసేవాళ్ళ కొలబద్ద. 2018లో జేకబ్ డిగ్రామ్ 10 విజయాలు, 9 ఓటములతో కూడా ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడంటే, కొలబద్ద ఎంత మారిందో చూడండి.

కాలం, చోటు

రాశిని కొలిచేటప్పుడు ఇంకో చిక్కుంది. ఏ కాలంలో, ఏ మైదానంలో అన్నది. బేస్‌బాల్‌లో బ్యాటింగ్ సగటు అంటే ఎన్నిసార్లు ప్రయత్నిస్తే ఎన్ని హిట్లు అన్న నిష్పత్తి. పదిసార్లలో మూడు హిట్లు, అంటే 0.300 సగటుంటే మంచి బ్యాటర్ కిందే లెక్క. ఇప్పుడు రెండు అంకెలు చూడండి. 1930లో నేషనల్ లీగ్ మొత్తం సగటు 0.303. 1968లో అమెరికన్ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ సగటు కార్ల్ యస్ట్రెమ్‌స్కీది, అది 0.301. ఒక కాలంలో సామాన్యుడి మార్కులు ఇంకో కాలంలో ఫస్టు ర్యాంకు! 1968లో పిచర్ల ధాటి ఎంత ఉండేదంటే, మరుసటి ఏడు వాళ్ళు నిలబడే దిబ్బ ఎత్తుని 15 అంగుళాల నించి 10కి తగ్గించేశారు. అంచేత అంకెని ఒంటరిగా చూడకూడదు, దాని తోటి అంకెల మధ్య నిలబెట్టి చూడాలి. బ్రాడ్‌మన్ 99.94 ఎందుకంత గొప్పదంటే, ఆయన కాలంలోనూ ఆ దరిదాపులకి ఎవరూ రాలేదు కాబట్టి.

ఇక చోటు. కొలరాడో రాకీస్ జట్టు ఆడే డెన్వర్ నగరం సముద్రమట్టానికి మైలు ఎత్తున ఉంది. అక్కడ గాలి పలచన, బంతి ఎక్కువ దూరం పోతుంది. అక్కడి బ్యాటర్ల అంకెలు చూసి మురిసిపోతే వాపుని చూసి బలుపు అనుకున్నట్టే. లారీ వాకర్ కెరీర్ సగటు 0.313, హోమ్ రన్లు 383. ఓటర్లు 'ఆఁ, అదంతా డెన్వర్ గాలి' అని పెదవి విరిచారు. 2014లో ఆయనకి వచ్చింది 10.2 శాతం.

కానీ వాపు ఉన్నంత మాత్రాన లోపల బలుపు లేదనుకోకూడదు కదా! వాకర్ మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్‌గా ఎన్నికైన 1997లో 49 హోమ్ రన్లు కొడితే, అందులో 29 బయటి మైదానాల్లో కొట్టినవే. డెన్వర్ లాభాన్ని నిక్కచ్చిగా తీసేసినా మిగిలేది చాలా ఉందని లెక్కలు చూపించాక, 2020లో, ఆఖరిదైన పదో ఏట 76.6 శాతంతో ఎన్నికయ్యాడు. కావలసిన దానికన్నా ఆరు ఓట్లు ఎక్కువ, అంతే.

'వార్' అంటే యుద్ధం కాదు

ఇలా కాలాన్నీ, చోటునీ సరిచేసి, బ్యాటింగ్, ఫీల్డింగ్, పరుగు, బౌలింగ్ అన్నిటినీ ఒకే తక్కెట్లో తూచే కొలమానం 'వార్'. మన భాషలో చెప్పుకోవాలంటే ఇలా. మీ ప్రాజెక్టులో ఒకాయన రాజీనామా చేశాడనుకోండి. రేపు పొద్దున్నకల్లా చేతికందిన కాంట్రాక్టర్ని తెచ్చి ఆ సీట్లో కూర్చోబెట్టారు. పని ఎంత కుంటుపడుతుంది? ఆ తగ్గిన పనే మొదటాయన విలువ. బేస్‌బాల్‌లో ఆ కాంట్రాక్టర్, మైనర్ లీగుల నించి ఎప్పుడంటే అప్పుడు దొరికే మామూలు ఆటగాడు. అతని బదులు మన హీరో ఆడినందువల్ల జట్టుకి అదనంగా ఎన్ని పరుగులు మిగిలాయో లెక్కవేసి, సుమారు పది పరుగులకి ఒక గెలుపు చొప్పున మారుస్తారు. ఒక సీజన్‌లో 2 వస్తే జట్టులో స్థానం నిలుపుకునేవాడు, 8 వస్తే ఆ ఏటి మేటి.

ఇదేం వేదవాక్కు కాదు సుమండీ! లెక్కలు కట్టే సంస్థలు వేరు వేరు సూత్రాలు వాడతాయి, పాతకాలపు ఫీల్డింగ్ అంచనాల్లో ఊహ పాలు ఎక్కువ. ఇద్దరి మధ్య తేడా రెండో మూడో ఉంటే దాన్ని పట్టుకుని వాదించడం దండగ. కానీ తేడా ముప్ఫై ఉంటే ఆగి ఆలోచించాల్సిందే.

అలా ఆగి ఆలోచించవలసిన పేరు లూ విటాకర్. డెట్రాయిట్ టైగర్స్ జట్టులో సెకండ్ బేస్‌మన్. పక్కనే షార్ట్‌స్టాప్ ఆలన్ ట్రామెల్. ఇద్దరూ 1977లో ఒకే రోజున మొదటి ఆట ఆడి, దాదాపు రెండు దశాబ్దాలు పక్కపక్కనే నిలబడ్డారు. కెరీర్ మొత్తం వార్ ట్రామెల్‌కి సుమారు 70, విటాకర్‌కి సుమారు 75. ట్రామెల్ విలేఖరుల జాబితాలో పదిహేనేళ్ళు నలిగి, 2017లో కమిటీ ద్వారా ఎన్నికయ్యాడు. విటాకర్‌కి 2001లో మొదటిసారే 2.9 శాతం వచ్చి, అక్కడితో విలేఖరుల తలుపు మూసుకుపోయింది. ఇంకోపక్క సుమారు 39 వార్ ఉన్న హెరాల్డ్ బెయిన్స్‌ని 2018లో కమిటీ ఎన్నుకుంది. బెయిన్స్ మంచి బ్యాటరే, 2866 హిట్లు తక్కువేం కాదు. కానీ ఆయనకి దొరికిన మర్యాద విటాకర్‌కి దొరకలేదంటే, తప్పు ఆటలో లేదు, తక్కెట్లో ఉంది. ఒక్క ఏడాది తొందరపాటు మనిషి జీవితకాలపు పనిని ఎలా పక్కకి నెట్టేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ నాకు తెలియదు.

రాశి కన్నా వాసి?

సరే, మొత్తం కూడికే కొలమానమైతే శాండీ కౌఫాక్స్ సంగతేమిటి? ఆయన గెలిచినవి 165 ఆటలే. అందులో మొదటి ఆరేళ్ళలో 36 గెలుపులు, 40 ఓటములు. ఆ తర్వాతి ఆరేళ్ళలో, అంటే 1961 నించి 1966 దాకా, 129 గెలుపులు, 47 ఓటములు! మూడు సై యంగ్ అవార్డులు, నాలుగు నో-హిట్టర్లు. మోచేతి కీళ్ళవాతంతో ముప్ఫయ్యో ఏటనే ఆట మానేశాడు. 1972లో 36 ఏళ్ళకే, మొదటి ఓటింగులోనే ఎన్నికయ్యాడు. డాన్ సట్టన్ మాటేమో దీనికి తలకిందులు. 23 సీజన్లు, 324 విజయాలు, ఏనాడూ సై యంగ్ రాలేదు. ఆయనా 1998లో ఎన్నికయ్యాడు, ఐదో ప్రయత్నంలో.

ఇద్దరూ అర్హులేనా? నా ఉద్దేశంలో ఇద్దరూనూ. ఒకరిది ఉప్పెన, ఇంకొకరిది ఎండాకాలంలోనూ ఎండని చెరువు. ఈ రెండు రకాల గొప్పతనాన్నీ కలిపి చూడడానికి జే జాఫీ అనే రచయిత 'జాస్' అనే పద్ధతి పెట్టాడు. కెరీర్ మొత్తం వార్‌నీ, అత్యుత్తమమైన ఏడు సీజన్ల వార్‌నీ కూడి రెండుతో భాగిస్తారు. వచ్చిన అంకెని, అదే స్థానంలో ఆడి ఇప్పటికే హాల్‌లో ఉన్నవాళ్ళ సగటుతో పోలుస్తారు. షార్ట్‌స్టాప్‌ని షార్ట్‌స్టాప్‌తో, క్యాచర్ని క్యాచర్‌తో. వికెట్ కీపర్ పరుగుల్ని ఓపెనర్ పరుగులతో పోల్చకపోవడం లాంటిదే ఇది.

మరి ఒకే ఒక్క మహత్తరమైన రోజు మాటేమిటి? మన వీవీఎస్ లక్ష్మణ్ టెస్టు సగటు 45.97. 2001లో కోల్‌కతాలో ఆస్ట్రేలియా మీద కొట్టిన 281 విలువ ఆ సగటులో కనిపిస్తుందా? బేస్‌బాల్‌లో అలాంటిది జాక్ మారిస్ 1991 వరల్డ్ సిరీస్ ఏడో ఆట. పది ఇన్నింగ్స్ తానే వేసి, ఒక్క పరుగు ఇవ్వకుండా 1-0తో గెలిపించాడు. కానీ తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఎన్ని పరుగులిచ్చాడు అన్న లెక్కలో మారిస్ కెరీర్ అంకె 3.90. 2017లో కమిటీ ఎన్నుకునే నాటికి, హాల్‌లో ఉన్న ఏ పిచర్‌కీ అంత ఎక్కువ లేదు. నా మటుకు నాకు, లక్ష్మణ్ ఆ ఒక్క ఇన్నింగ్స్ వల్ల గొప్పవాడు కాలేదు. ఏళ్ళ తరబడి బాగా ఆడినవాడు కాబట్టే ఆ ఇన్నింగ్స్ ఆయన కిరీటమైంది. పెద్ద రోజుని తూకంలో చివరి పిడికెడుగా వెయ్యాలి, తూకంరాయిగా కాదు.

ఆడనివ్వని ఏళ్ళు కూడా లెక్కలోకి రావాలి. టెడ్ విలియమ్స్ 1943 నించి మూడు సీజన్లు పూర్తిగా, 1952-53ల్లో చాలా భాగం సైనికసేవలో గడిపాడు. అయినా 521 హోమ్ రన్లు కొట్టాడు. ఆయనకైనా తిరిగి వచ్చి ఆడే వీలుంది. నల్లవాడన్న ఒక్క కారణంతో జాష్ గిబ్సన్‌ని మేజర్ లీగుల గుమ్మం తొక్కనివ్వలేదు. జాకీ రాబిన్సన్ ఆ గోడ బద్దలుకొట్టిన 1947లోనే, సీజన్ మొదలవకముందే గిబ్సన్ కన్నుమూశాడు. 1966లో తన సన్మాన సభలో విలియమ్స్ గిబ్సన్, శాచెల్ పేజ్‌ల పేర్లు తీసి, వాళ్ళకీ ఇక్కడ చోటుండాలన్నాడు. 1971లో పేజ్, 1972లో గిబ్సన్ ఎన్నికయ్యారు. 2024లో నీగ్రో లీగుల అంకెల్ని మేజర్ లీగ్ రికార్డుల్లో కలిపితే, కెరీర్ సగటులో టై కాబ్‌ని దాటి 0.372తో గిబ్సన్ మొదటి స్థానానికొచ్చాడు.

నడత: ఇక్కడే అసలు పేచీ

ఓటర్లకిచ్చే నియమాల్లో రికార్డుతో పాటు నిజాయితీ, క్రీడాస్ఫూర్తి, శీలం కూడా చూడమని రాసి ఉంటుంది. దీన్నెలా తూచాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

బ్యారీ బాండ్స్ 762 హోమ్ రన్లు కొట్టాడు, రికార్డు. ఏడు ఎంవీపీ అవార్డులు. రాజర్ క్లెమెన్స్‌కి 354 విజయాలు, ఏడు సై యంగ్‌లు. ఇద్దరి మీదా స్టెరాయిడ్ల మచ్చ ఉంది. 2022లో, ఆఖరి అవకాశంలో, బాండ్స్‌కి 66 శాతం, క్లెమెన్స్‌కి 65.2 శాతం. 2025 డిసెంబరులో కమిటీ ముందుకొస్తే ఇద్దరిలో ఎవరికీ ఐదు ఓట్లు కూడా రాలేదు. అదే రోజు, శాన్‌ఫ్రాన్సిస్కోలో బాండ్స్‌తో కలిసి ఆడిన జెఫ్ కెంట్ ఎన్నికయ్యాడు. ఇంకోపక్క, బంతికి జిడ్డు పూసి విసిరేవాణ్ణని 1974లో పుస్తకమే రాసుకున్న గేలార్డ్ పెరీ 1991లో ఎన్నికయ్యాడు. స్టెరాయిడ్ల కాలమంతా కమిషనర్ కుర్చీలో ఉన్న బడ్ సీలిగ్‌నీ 2016లో ఎన్నుకున్నారు. అంటే ఇల్లు కాలుతున్నప్పుడు కాపలా కాసినాయనకి పీట వేసి, లోపలున్నవాళ్ళని గుమ్మం బయట నిలబెట్టారన్నమాట.

నేనైతే రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఒకటి, ఆ పని చేసిననాడు శిక్షతో కూడిన నియమం నిజంగా అమల్లో ఉందా? రెండు, ఆ తప్పు వల్ల అతని అంకెలు పెరిగాయా?

స్టెరాయిడ్లు కూడదని 1991లోనే కమిషనర్ కాగితం పంపాడు కానీ, పట్టుబడితే శిక్ష అనే పరీక్షలు 2004లో గానీ రాలేదు. పైగా బాండ్స్ 1998 నాటికే, అనుమానాల కాలం బాగా ముదరకముందే, 400 హోమ్ రన్లు, 400 స్టోలెన్ బేసులు రెండూ సాధించిన తొలి ఆటగాడు. అక్కడితో మానేసినా అర్హుడే. ఆయనకి నా ఓటు ఉంటుంది. క్లెమెన్స్‌కీ ఉంటుంది. ప్రమాణం చేసి అబద్ధమాడాడన్న కేసులో 2012లో న్యాయస్థానం ఆయన్ని నిర్దోషి అంది. అలెక్స్ రోడ్రిగెజ్ సంగతి వేరు. నియమం వచ్చాక దాన్ని ఉల్లంఘించి, 2014 సీజన్ మొత్తం నిషేధానికి గురయ్యాడు. 696 హోమ్ రన్లున్నా నా ఓటు లేదు.

అన్నిటికన్నా కష్టం పీట్ రోజ్. 4256 హిట్లు, ఎవరికీ అందనన్ని. మేనేజరుగా తన జట్టు ఆటల మీదే పందేలు కాసినందుకు 1989లో శాశ్వత నిషేధం. ఏళ్ళ తరబడి కాదని, 2004లో ఒప్పుకున్నాడు. పందేల నియమం దాపరికం లేకుండా రాసి ఉన్నదే, తెలిసే తప్పాడు. అయితే ఆ హిట్లు పందేల వల్ల వచ్చినవి కావు. 2024 సెప్టెంబరులో ఆయన పోయాడు. చనిపోయినవారికి నిషేధం వర్తించదని 2025 మేలో కమిషనర్ ప్రకటించాడు. ఇక 2027 డిసెంబరులో కమిటీ ఆయన పేరు పరిశీలించవచ్చు. శిక్ష బతికినన్నాళ్ళూ అనుభవించాడు కాబట్టి ఇప్పుడు లోపలికి రానివ్వమనే అంటాను. కానీ ఆ ఫలకం మీద హిట్లతో పాటు నిషేధం సంగతి కూడా చెక్కాలి.

మన హైదరాబాదు అజారుద్దీన్ 99 టెస్టుల దగ్గర ఆగిపోవడం గుర్తుంది కదా. మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలపై 2000లో క్రికెట్ బోర్డు జీవితకాల నిషేధం విధిస్తే, అది చెల్లదని 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పిచ్చింది. అప్పటికి ఆయన ఆడే వయసు దాటిపోయింది. తీర్పు చెప్పేవాళ్ళ చేతిలో మనిషి పేరు ఉంటుంది, అందుకే పద్ధతి ముఖ్యమనేది.

మీ చేతిలో పది గళ్ళు

వచ్చే జనవరిలో వాదన మొదలైతే నాలుగు మాటలు అడిగి చూడండి. ఆ అంకె ఏ కాలంలోది, ఏ మైదానంలోది? అతని బదులు మామూలువాడు ఆడి ఉంటే జట్టు ఎంత నష్టపోయేది? అతని బెస్ట్ ఏడేళ్ళు ఎలా ఉన్నాయి? తప్పు చేస్తే, ఆనాడు నియమం ఉందా, అంకెలు దాని వల్ల పెరిగాయా? ఇక్కడే పుట్టి, లిటిల్ లీగ్ ఆడుతున్న మన పిల్లలకి ఇవి మనకన్నా త్వరగా అర్థమవుతాయి. మొత్తం మార్కులు చూసి మనిషిని తేల్చెయ్యడం మనకి చిన్నప్పట్నించీ అలవాటు. ఆ మార్కులు ఏ ప్రశ్నపత్రానికి వచ్చాయో కూడా అడగాలని వాళ్ళకి నేర్పడానికి ఇంతకన్నా సరదా పాఠం ఏముంటుంది?

ఇంతకీ నా జాబితాలో మొదటి పేరు బాండ్స్ కాదు, రోజ్ కాదు. లూ విటాకర్. ఆయన మీద ఏ మచ్చా లేదు, ఏ పేచీ లేదు. పేచీ లేనివాళ్ళని మరిచిపోవడం మహా తేలిక, అందుకని.